తెల్లరైక వచ్చిన పొద్దు

జులై పదకొండవ తేదీ, శుక్రవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. నా బి.ఎస్సీ. జంతుశాస్త్రం రికార్డు పుస్తకంలో, పక్షుల పరిశీలన అనే పుట మీద, మొదటి రెండు గడులలో నీలి సిరాతో నేను రాసిన వివరాలు ఇవి. వాటి కింది గడి పేరు ‘స్థలం’. అందులో మొదట రాసిన మాటలను ఒక అడ్డగీతతో కొట్టివేసి, పైన ఇరుకుగా వేరే మాటలు రాసి ఉన్నాయి. చదువుకునే రోజుల్లో నా రికార్డులలో కొట్టివేతలు ఉండేవి కావు. తప్పు పడితే కాగితం మార్చి మొదటి నుంచి రాసేదాన్ని. ఈ ఒక్క పుటను మాత్రం మార్చలేదు. ఎందుకు మార్చలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ పుస్తకం ఎప్పుడో పోయిందనుకున్నాను. గత నెలలో తుర్కయాంజాల్‌లోని మా ఫ్లాట్‌కు రంగులు వేయించడానికి గదులు ఖాళీ చేస్తున్నప్పుడు, నాతోనే ఉంటున్న మా అమ్మ రేకుపెట్టెను బయటికి జరపవలసి వచ్చింది. అది కదలలేదు. కొన్ని బట్టలైనా తీసి బరువు తగ్గిద్దామని బతిమాలితే అయిష్టంగా తాళం తీసింది. అడుగున, పాత ధోవతి ముక్కలో నాలుగు మడతలుగా చుట్టి నా రికార్డు పుస్తకం ఉంది. “అమ్మా, గిది నీ తాన ఉన్నదా! గిన్నేండ్లు చెప్పకపోతివి?” అన్నాను. నేను అడిగిన తీరు ఆమెకు నచ్చలేదు. “నీ తాన ఉంటే ఎన్నడో పోగొడుదువు. ఊరోళ్ల బట్టలు నలభై ఏండ్లు ఒక్క తువ్వాల తప్పిపోకుంట కాపాడిన. గీ బుక్కు కాపాడలేనా?” అన్నది. పుస్తకం తెరిచాను. పుటల మధ్య ఒక ఫోటో ఉంది. చాలాసేపు అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. రంగులు వేసే మేస్త్రీ రెండుసార్లు వచ్చి, “మేడం, జర జరుగుతరా?” అని అడిగి వెళ్లాడు.

మాది రజక కుటుంబం. ఇబ్రహీంపట్నంలో చెరువు అలుగు నీళ్లు పోయే కాలువను ఆనుకొని ఉన్న వాడలో మాది చివరి ఇల్లు. వెనుక గుమ్మం దాటి ఇరవై అడుగులు వేస్తే మేము ఉతికే రేవు. నాలుగు బండలు, మోకాలి లోతు నీరు, ఆవలి ఒడ్డున మనిషెత్తు తుంగ. వాడలోని వంటిళ్ల నీళ్లు కూడా ఆ తుంగలోకే పోయేవి. సాయంత్రం పూట మా బాపు మాసిన బట్టలకు మురికి విడగొట్టే సౌడుమట్టి పట్టించి, పెద్ద బానలో పొరలు పొరలుగా పేర్చి, కింద పొయ్యి వెలిగించేవాడు. ఉడుకుతున్న నూలు బట్టల వాసన కొత్తవారికి గొంతులో పట్టినట్టు ఉంటుంది. నాకు మాత్రం అది చదువు వాసన. ఆ పొయ్యి వెలుగులోనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను, ఆ పక్కనే కూర్చుని ఇంటర్మీడియట్ పుస్తకాలు చదివాను. తెల్లవారితే అమ్మ రేవులో దిగేది. బాపు సైకిలు మీద ఇండ్లు తిరిగి మూటలు తెచ్చేవాడు. మధ్యాహ్నం ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి, నోటిలో నీళ్లు పుక్కిలించి సన్నని తుంపరగా బట్ట మీద ఊది, బొగ్గుల పెట్టెను దాని మీద నడిపించేవాడు. ఆ సమయంలో ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. నోట్లో నీళ్లు ఉంటాయి కాబట్టి జవాబు రాదు, అడిగినవారికి కోపం వస్తుంది, అంతే.

అమ్మకు అక్షరాలు రావు. అయినా ఆమెకు సొంత లిపి ఒకటి ఉండేది. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట మూలన చిన్న గుర్తు పెట్టి, దాని మీద చిటికెడు సున్నం అద్దేది. ఎన్ని ఉతుకులు పడినా ఆ నలుపు పోదు. పటేలు ఇంటికి రెండు చుక్కలు, బడి పంతులు ఇంటికి ఇంటూ గుర్తు, బస్టాండు పక్కన ఫోటో స్టూడియో నడిపే యాదగిరన్నకు నాలుగు పలకల గడిలో ఒక చుక్క. “డబ్బాకు కన్ను పెట్టి చూస్తడు గద, అందుకే” అని వివరించేది. ఊళ్లో అరవై ఇండ్ల గుర్తులు ఆమె తలలో ఉండేవి. మడతలు వేరు చేసేటప్పుడు నేను తడబడితే, చూడకుండానే వేలితో తడిమి ఏ ఇంటిదో చెప్పేది. చిన్నప్పుడు ఒకసారి మన ఇంటి గుర్తు ఏదని అడిగాను. “మనకెందుకు బిడ్డా గుర్తు? ఏ గుర్తు లేనిది మనది” అన్నది. ఆ మాట అప్పుడు నాకు మామూలుగానే వినిపించింది.

ఆ రేవు ఆవలి తుంగలో ఒక నీటికోడి ఉండేది. దాని అరుపు వాడలో వినని మనిషి లేడు. వాన పడిన మరునాడైతే, ఎవరో గొంతులో నీళ్లు పోసుకొని పోట్లాడుతున్నట్టు తెల్లవారకముందే మొదలుపెట్టేది. కానీ చూసినవారు తక్కువ. మనిషి నీడ పడిందంటే తోక ఎగరేసి తుంగలో మాయమయ్యేది. వీపు నల్లగా, ముఖం నుంచి పొట్ట దాకా తెల్లగా, తోక కింద ఇటుకరంగులో ఉండేది. అమ్మ దానిని తెల్లరైక అని పిలిచేది. “రైకనైతే మస్తు తెల్లగుంచుకుంటది గాని, లంగాకు తుప్పు మరక అంటించుకున్నది సూడు. గా మరక నేను గూడ తియ్యలేను” అనేది. ఇనుప తుప్పు మరకే ఉతికేవారికి అన్నిటికంటే మొండి శత్రువు. దానిని ఆ పక్షి తోక కింద గుర్తుపట్టగలిగిన కన్ను మా అమ్మది.

డిగ్రీకి నేను రోజూ సాగర్ రోడ్డు బస్సులో నగరానికి వెళ్లివచ్చేదాన్ని. మా ఇంట్లో పదవ తరగతి దాటినవారే లేరు. కాబట్టి కళాశాలలో ఎలా కూర్చోవాలి, ఎలా మాట్లాడాలి అన్నది నేను ఇతరులను చూసి నేర్చుకున్నాను. నేర్చుకున్న మొదటి విషయం, మా ఇల్లు ఎక్కడ అని అడిగితే ‘చెరువు గట్టు దగ్గర’ అని చెప్పి ఊరుకోవడం. అది పూర్తి అబద్ధం కాదు. చెరువు గట్టు మా ఇంటికి అరమైలు దూరమే. మాకు జంతుశాస్త్రం చెప్పే మూర్తి గారు కోస్తా ప్రాంతం నుంచి వచ్చి నగర శివారులో స్థిరపడినవారు. మృదువుగా మాట్లాడేవారు, మార్కులు మాత్రం గట్టిగా వేసేవారు. రెండవ సంవత్సరంలో ఒక్కొక్కరు తమ ఇంటి పరిసరాలలోని ఒక్కో పక్షిని ఎంచుకొని, ఫోటో తీసి, వివరాలతో రికార్డు రాయాలన్నారు. కాకి, గోరింక, పావురం, పిచ్చుక అని అందరూ చెబుతున్నారు. నా వంతు వచ్చినప్పుడు లేచి నీటికోడి అన్నాను.

మూర్తి గారు కళ్లజోడు తీశారు. “నీటికోడి అరుపు వినడం వేరు, దాన్ని చూడటం వేరమ్మా. నేనే మూడేళ్లు కెమెరా పట్టుకొని తిరిగాను. తోక తప్ప దొరకలేదు. గోరింకను తీసుకో, సులువుగా ఉంటుంది” అన్నారు. వెనుక బెంచీ నుంచి ఎవరో, “వాళ్ల ఊళ్లో కోళ్లు కూడా ఈదుతాయట సార్!” అన్నారు. తరగతి అంతా నవ్వింది. నేను కూర్చోలేదు. “మా ఇంటి వెనకాల రోజూ వస్తుంది సార్. నేను తీస్తాను” అన్నాను. ఆయన ఒక క్షణం నన్ను చూసి, “సరే. కానీ ఒక్క నియమం. ఫోటో లేనిదే రికార్డులో రాయకూడదు. రాసిన దాంట్లో అబద్ధం ఉంటే నేను సంతకం పెట్టను” అన్నారు. ఆ సంతకం లేని రికార్డుతో ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. మా ఇంటి నుంచి ఆ పరీక్ష దాకా చేరుకున్న మొదటి మనిషిని నేను. గోరింకతో సరిపెట్టుకొని ఉంటే ఏ చిక్కూ లేకపోయేది. ఆ నవ్వు విన్న తరువాత గోరింక వైపు చూడబుద్ధి కాలేదు.

కెమెరా కోసం యాదగిరన్న దగ్గరికి వెళ్లాను. ఆయన స్టూడియోలో వెనుక తెర మీద ఒకప్పుడు కొలను, తామరలు, మధ్యలో ఒక హంస ఉండేవి. ఊరిలోని ప్రతి కొత్త జంట ఆ హంస ముందు నిలబడి ఫోటో దిగినవారే. ఒక పండుగకు ముందు ఆ తెరను మా ఇంటికి ఉతకడానికి వేశారు. అది రంగులు వేసిన బట్ట అని అమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె మురికి పోయేదాకా ఉతికింది. కొలను పోయింది, తామరలు పోయాయి, హంస కూడా పోయింది. తెల్లని దుప్పటిలా మిగిలిన దానిని గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మరీ పంపింది. “మీ అమ్మ నా హంసను ఉతికి పారేసె. ఇప్పుడు నువ్వు నీటికోడిని తెస్తనంటున్నవ్. ఇంటిల్లిపాది నా మీదనే పడ్డరా?” అన్నాడు యాదగిరన్న. అంటూనే పాత కెమెరా చేతికిచ్చాడు. “పెండ్లి రీలుల తొమ్మిది బొమ్మలు మిగిలినయి. అవి నీవి. మూత తెరవకు, వెలుతురు పడితే రీలుల పెండ్లికూతురు కాలిపోతది. మీట నొక్కినంక గీ పుల్ల తిప్పాలె, గప్పుడే రెండోది వస్తది. దగ్గరికి పోవాలె, దూరం నుంచి తీస్తే నీ కోడి నల్లపూస లెక్క కనిపిస్తది. మస్తు దగ్గరికి పోవాలె.”

గ్రంథాలయంలో పక్షుల ఫోటోల గురించి ఒక పుస్తకం చదివాను. కదలకూడదు, చప్పుడు చేయకూడదు, మట్టిరంగు బట్టలు వేసుకోవాలి, మనుషుల అలికిడి లేకుండా చూసుకోవాలి అని అందులో ఉంది. అచ్చులో ఉన్నదానిని నేను సందేహించేదాన్ని కాదు. కాబట్టి నేను ఫోటో తీసే పొద్దు ఉతకవద్దని అమ్మను అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఆమె జీవితంలో ఉతకని పొద్దు అంటే ఎవరో చనిపోయిన పొద్దు. అయినా నా చదువు పని అనేసరికి, పక్క బండల మీది ఇద్దరు ఆడవాళ్లకు కూడా నచ్చజెప్పి, గడప మీద చేతులు ముడుచుకొని కూర్చుంది. నేను బాపు పాత గోధుమరంగు చొక్కా వేసుకొని రేవు పక్కన రెండు గంటలు బొమ్మలా ఉన్నాను. తుంగ కదిలింది, ఒక బొమ్మ తీశాను. మళ్లీ కదిలింది, ఇంకొకటి. రెండూ గాలి. మరునాడూ అంతే. మొత్తం ఐదు బొమ్మలు తుంగకే ఖర్చయ్యాయి. ఎన్నడూ లేనిది, ఆ రెండు పొద్దులు పక్షి అరవను కూడా అరవలేదు.

రెండవ రోజు మధ్యాహ్నం అమ్మ విషయం తేల్చింది. “చూడు బిడ్డా, పెండ్లోళ్ల బట్టలు కొండ లెక్క పడ్డయి. రేపు ఉతకకపోతే వాళ్లు పాత బట్టలతోనే అక్షింతలు ఏస్తరు. నీ కోడి వస్తదో రాదో, నేనైతే దిగుత” అన్నది. నాకు ఏడుపు వచ్చింది. ఇంకా నాలుగు బొమ్మలే ఉన్నాయి. యాదగిరన్న మరునాడు సాయంత్రం రీలు కడగాలని కబురు పంపాడు. ఇక ఆశ లేదనుకున్నాను. ఎందుకైనా మంచిదని కెమెరా మెడలో వేసుకొని, శుక్రవారం తెల్లవారగానే అమ్మ వెంట రేవుకు వెళ్లి, నాలుగవ బండ వెనుక చతికిలబడ్డాను.

అమ్మ మొదటి దుప్పటి నీళ్లలో ముంచి తీసి, తల మీదుగా తిప్పి బండకు వేసింది. ధబ్. ప్రతి దెబ్బకు ముందు ఆమె గొంతులోంచి ‘ఉష్’ అనే ఊపిరి వచ్చేది. ఉష్, ధబ్. ఉష్, ధబ్. పది దెబ్బలు కూడా పడలేదు, తుంగలో ‘క్రువ్వక్’ అని వినిపించింది. ఇంకొంతసేపటికి అమ్మ గంజి బకెట్ అడుగున మిగిలినది ఒడ్డున పారబోసింది. తెల్లని గంజి, నాలుగు మెతుకులు. వెంటనే తుంగ విడిపోయి తెల్లరైక బయటికి వచ్చింది. దాని వెనుక దూదికి మసి పూసినట్టు మూడు పిల్లలు. అడుగు అడుగుకూ తోక ఎగరేస్తూ, అమ్మ మడమలకు జానెడు దూరంలో మెతుకులు ఏరుకోసాగింది. అమ్మ చెయ్యి ఆపలేదు, అది తల ఎత్తలేదు. ఏండ్ల తరబడి వాళ్లిద్దరూ ఒకరి పనికి ఒకరు అడ్డురాకుండా ఇలాగే ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

నేను చేసిన తప్పు కూడా అప్పుడే తెలిసింది. మా రేవులో నిశ్శబ్దం అంటే ఆపద. పిల్లి పొంచి ఉన్నప్పుడు, పాము ఎదురైనప్పుడు, అందరూ ఉతుకుడు ఆపి నిలబడేవారు. ఆ చప్పుడు సాగుతున్నంతసేపూ అంతా క్షేమమని ఆ పక్షికి తెలుసు. నేను రెండు పొద్దులు దానిని క్షేమం లేని చోటికి పిలిచాను. నా కెమెరా మీట ‘టక్’ మని గట్టిగా పలికేది. అందుకని అమ్మ లయను లెక్కపెట్టాను. ఉష్ అన్నప్పుడు ఊపిరి బిగబట్టి, ధబ్ అన్న క్షణంలో మీట నొక్కాను. తరువాతి ధబ్‌తో పుల్ల తిప్పాను. అలా నాలుగు దెబ్బలకు నాలుగు బొమ్మలు. పక్షి ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చేతి గడియారం ఆరు నలభై చూపించింది. అమ్మ వెనక్కి తిరగకుండానే, “దొరికిందా?” అన్నది. “అవ్” అన్నాను.

తరువాత జరిగింది చెప్పడం కొంచెం కష్టం. కానీ చెప్పాలి. నాలుగింటిలో ఒకటి అద్భుతంగా వచ్చింది. గాలిలో విల్లులా వంగిన తడి దుప్పటి, దాని నుంచి విరజిమ్మిన నీటి చుక్కలు, మోకాళ్ల పైకి చీర దోపుకొని వంగిన అమ్మ వీపు, ఆమె మడమ దగ్గర ఒక కాలు ఎత్తి నిలిచిన తెల్లరైక. యాదగిరన్న తడి ఆరని ఫోటోను పైకెత్తి, “అబ్బ! నా హంస పోతే పోయింది” అన్నాడు. నేను మాత్రం తరగతిని, వెనుక బెంచీని తలుచుకున్నాను. “అన్నా, పిట్ట ఒక్కటే పెద్దగ చేసి ఇయ్యి. అమ్మ వద్దు” అన్నాను. ఆయన నా ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా అలాగే చేసి ఇచ్చాడు. నేను దానిని రికార్డులో అతికించి, స్థలం అన్న గడిలో ‘చెరువు గట్టు’ అని అందమైన దస్తూరితో రాశాను.

మూర్తి గారు ఆ పుటను చాలాసేపు చూశారు. “తేదీ ఉంది, సమయం ఉంది, వర్ణన బాగుంది. కానీ చెరువు గట్టున సబ్బు నురగ ఎక్కడిదమ్మా?” అన్నారు. పక్షి కాలి కింద తెల్లని బుడగలు ఉన్నాయి. నేను వాటిని గమనించనే లేదు. “ఇంత దగ్గరికి ఈ పక్షి రాదు. పట్టి, కాలికి దారం కట్టి తీశావా?” గొంతు పెంచలేదు, అందుకే ఆ మాట ఎక్కువగా తగిలింది. నేను కాదన్నాను. “అయితే మొత్తం ఫోటో తీసుకురా. సోమవారం నాటికి చూపించకపోతే ఈ పుట కొట్టేస్తాను” అన్నారు.

ఇంటికి వచ్చేసరికి బాపు ఇస్త్రీ చేస్తున్నాడు, నోట్లో నీళ్లున్నాయి. అమ్మ మడతలు పెడుతోంది. మొత్తం ఫోటో కోసం మళ్లీ స్టూడియోకు పోవాలని చెప్పాను. అమ్మ లేచి రేకుపెట్టె తెరిచి, అదే ఫోటో తీసి నా ముందు పెట్టింది. ఉతకడానికి పంపిన చొక్కాల మడతలో యాదగిరన్న దానిని పెట్టి పంపాడట. నాలుగు రోజులుగా అది ఆమె దగ్గరే ఉంది. “మరి నువ్వు అతికించిన దాంట్ల నేను లేనంట గద. యాదగిరి చెప్పిండు” అన్నది. ఆ తరువాత, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు, “పిట్టకు నేను అడ్డమొచ్చిన్నా బిడ్డా?” అన్నది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉతికినప్పుడు మరక పోలేదేమో అని చూసుకునే గొంతు అది. బాపు నోట్లోని నీళ్లు పక్కకు ఉమ్మి, “అడ్డం రాలే. గామె లేకపోతే అది రాకపోవు” అన్నాడు. ఇస్త్రీ మధ్యలో ఆయన మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

సోమవారం తరగతిలో లేచి నిలబడి, మూర్తి గారి చేతికి మొత్తం ఫోటో ఇచ్చాను. ఇవ్వడంతో ఆగలేదు. నిలబడే చెప్పాను. “ఈమె మా అమ్మ సార్. ఎల్లమ్మ. ఇది మేము బట్టలు ఉతికే రేవు. ఆమె ఉతుకుతుంటేనే ఈ పక్షి వస్తుంది. ఆపితే రాదు. నేను స్థలం తప్పు రాశాను.” ఎవరూ నవ్వలేదు. మూర్తి గారు కళ్లజోడు పెట్టుకొని, తీసి, మళ్లీ పెట్టుకొని, ఫోటోను వెలుతురుకు తిప్పి చూశారు. ఆయన అడిగినది ఒక్కటే. “నేను వచ్చి చూడవచ్చునా?”

ఆదివారం ఉదయం మొదటి బస్సుకు ఆయన గొడుగు, తన పెద్ద కెమెరా పట్టుకొని వచ్చారు. అమ్మ నమస్కారం పెట్టి, ఆయన చొక్కా కాలరు చూసి, నా చెవిలో, “ఎవరో గని సరిగ్గ ఉతకలే” అన్నది. ఆయన రేవు పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పక్షి రాలేదు. అమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. “సార్, గట్ల గుంజ లెక్క నిలబడకుండ్రి. ఉత్తగ నిలబడెటోళ్లను అది నమ్మది. పిల్లి గట్లనే నిలబడ్తది. పని చేసెటోళ్లకు దాన్ని పట్టే తీరిక ఉండదని దానికి ఎరుకే” అని, “ఇగో, గీ గలీబు పట్టుండ్రి. జర ఉతుకుండ్రి” అంటూ ఒక దిండు గలీబు చేతికిచ్చింది. నేను వారించబోయాను. అప్పటికే ఆయన పంట్లాము మడిచి నీళ్లలో దిగారు. “ఇలాగేనాండీ?” అన్నారు. “దోమను కొడుతున్నరా సార్? బండకు తాకాలె!” అన్నది అమ్మ. పక్క బండల ఆడవాళ్లు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆయనకు కూడా నవ్వు వచ్చింది. మూడు గలీబులు ఉతికేసరికి చేయి కుదిరింది. నాలుగవదానికి తెల్లరైక తుంగ దాటి, మూడు పిల్లలతో ఆయన కాళ్ల పక్క నుంచి నడిచి మెతుకుల దగ్గరికి వెళ్లింది. ఆయన పెద్ద కెమెరా ఒడ్డున సంచిలోనే ఉండిపోయింది. చేతిలో తడి గలీబుతో, చేయి ఆపితే పోతుందేమోనన్న భయంతో ఉతుకుతూనే, కళ్లు మాత్రం దాని మీదే ఉంచి, “మూడేళ్లు, మూడేళ్లు” అని గొణిగారు.

తరువాత మా ఇంటి అరుగు మీద కూర్చుని రికార్డు తెరిచారు. పుట మార్చి కొత్తగా రాస్తానన్నాను. “అక్కర్లేదమ్మా. కొట్టివేత ఉండనీ, దిద్దుకున్నట్టు కనిపించాలి” అన్నారు. నేను ‘చెరువు గట్టు’ను కొట్టివేసి, పైన ‘మా ఇంటి వెనుక రేవు, మా అమ్మ ఉతికే బండ’ అని రాశాను. కింద పరిశీలకులు అన్నచోట నా పేరు ముందు ఆయన స్వయంగా ‘ఎల్లమ్మ’ అని రాశారు. సంతకం దగ్గర ఆగి, మర్యాదగా, “వేలిముద్ర వేసినా చాలండి” అన్నారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. “వేలిముద్ర ఎందుకు సార్? అందరి వేళ్లు ఒక్కతీరే కనపడ్తయి. నాకు గుర్తులొస్తయి” అని లోపలికి వెళ్లి జీడిగింజ, సూది తెచ్చింది. అరవై ఇండ్లకు గుర్తులు పెట్టిన చెయ్యి ఆ కాగితం మీద కొంతసేపు ఆగింది. తరువాత ఒక మూల నుంచి మూడు గీతలు విప్పార్చింది, మెత్తని బురదలో నీటికోడి వేసే అడుగులాగా. సున్నం అద్ది, ఊది, పుస్తకం ఆయనకు తిప్పి చూపించి, “గిది మనింటిది” అన్నది. మూర్తి గారు దాని పక్కన సంతకం పెట్టారు.

ఇప్పుడు నేను కూడా కళాశాలలో ఆ జంతుశాస్త్రమే చెబుతున్నాను. నా విద్యార్థుల చేతులలోని ఫోన్లు ఒక్క నిమిషంలో వంద ఫోటోలు తీస్తాయి. తొమ్మిది బొమ్మల లెక్క వారికి కథలా ఉంటుంది. అలుగు కాలువ ఇరుకైపోయింది, మా రేవు మీదుగా కాలనీ రోడ్డు పడింది. మా నాలుగు బండలలో రెండు ఎవరి గుమ్మం ముందో మెట్లుగా ఉన్నాయి. బాపు లేడు. ఫ్లాట్‌లో బట్టల మిషిన్ తిరుగుతుంటే అమ్మ దాని ముందు కుర్చీ వేసుకొని కూర్చుని, “గీ మిషిన్ల మురికి పోదు బిడ్డా, బట్టలు ఒకదాని మురికి ఒకటి పంచుకుంటయి” అని రోజూ తీర్పు చెబుతుంది. మా వెనుక ఖాళీ ప్లాటులో వాన నీరు నిలిచి తుంగ మొలిచింది. రంగుల పని ముగిసిన మరునాడు పొద్దున అక్కడి నుంచి ‘క్రువ్వక్’ అని వినిపించింది. నేను బాల్కనీలోకి వెళ్లి కదలకుండా నిలబడ్డాను. అమ్మ లోపలి నుంచి ఒక తడి తువ్వాల తెచ్చి, “మల్ల గట్లనే నిలబడ్డవా?” అంటూ బాల్కనీ గోడకు ధబ్ మని కొట్టింది.

రికార్డు మీద అమ్మ ఆ గుర్తు పెట్టిన నాటి నుంచి మాలో మారినవి రెండే. మా ఇంటి బట్టలకు కూడా గుర్తు వచ్చింది, ఈనాటికీ నా చీరల మూలన మూడు గీతలు ఉన్నాయి. ఎక్కడి దానివని నన్ను అడిగినవారికి చెరువు గట్టు అని నేను మళ్లీ చెప్పలేదు.